ఆరో రోజున ఎలుక కోలుకుంటుంది

లీటరు నీళ్లలో అర గ్రాము సోడియం అయోడైడ్ కలిపి, ఆ నీళ్లు ఎలుక బోనుకు తగిలించిన సీసాలో పోస్తారు. శాతంలో చెబితే 0.05. మూడు వందల గ్రాముల ఎలుక రోజుకు 30 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది కాబట్టి, దాని ఒంట్లోకి 12 మిల్లీగ్రాములకు పైగా అయోడిన్ చేరుతుంది. దానికి రోజుకు కావలసింది సుమారు 3 మైక్రోగ్రాములు. అంటే అవసరానికి నాలుగు వేల రెట్లు. మర్నాడు రక్తం తీసి చూస్తే థైరాయిడ్ హార్మోన్లు టీ4, టీ3 రెండూ తగ్గి ఉంటాయి. ఇంతవరకు ఆశ్చర్యమేమీ లేదు. సీసా మార్చకుండా, అవే నీళ్లు తాగిస్తూ ఆరో రోజున మళ్లీ చూస్తే రెండూ మామూలు స్థాయికి వచ్చేసి ఉంటాయి. ఎంగ్, బ్రేవర్‌మన్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగం ఇది. అతి సర్వత్ర వర్జయేత్ అనుకుని ఊరుకుంటే మొదటి రోజు సంగతి అర్థమవుతుంది గానీ ఆరో రోజు సంగతి అంతుబట్టదు. అయోడైడ్ అతిగా అందితే థైరాయిడ్ ఏమవుతుందన్న ప్రశ్న మీద డెబ్బై ఎనభై ఏళ్లుగా పోగైన జంతు ప్రయోగాలను చాలామంది మోతాదుల పట్టికలా చదువుతారు: ఇంత ఇస్తే ఇంత నష్టం, అంతకంటే తక్కువైతే క్షేమం. ఆ చదువు తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఎంత ఇచ్చారన్నదానికంటే, తీసుకున్న గ్రంథి ఏ స్థితిలో ఉంది, తన తూము తాను దించుకోగలదా లేదా అన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తోంది.

తూము అనడానికి కారణం ఉంది. థైరాయిడ్ కణం రక్తంలోంచి అయోడైడ్‌ను లోపలికి లాక్కుంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఆక్సీకరించి, థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్‌కు అంటిస్తుంది. హార్మోన్ తయారయ్యేది ఆ అంటింపు మీదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చైకాఫ్ ప్రయోగశాల 1944లోనే ఒక వింతను గమనించింది: శరీరం నుంచి వేరు చేసిన గ్రంథి ముక్కలకు అయోడైడ్ ఎక్కువ పోస్తే హార్మోన్ తయారీ పెరగకపోగా తగ్గింది. 1948లో యాన్ వుల్ఫ్, ఇజ్రాయెల్ చైకాఫ్ ఇదే సంగతిని బతికున్న ఎలుకల్లో చూపించారు. పొట్టలోకి అయోడైడ్ సూది వేసి, రేడియోధార్మిక అయోడిన్‌తో దాని జాడ పట్టారు. ఒక హద్దు దాకా, ఎంత ఎక్కువ ఇస్తే అంత ఎక్కువ ప్రోటీన్‌కు అంటుకుంది. ఆ హద్దు దాటాక అంటింపు దాదాపుగా ఆగిపోయింది. 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో 20 నుంచి 35 మైక్రోగ్రాముల అయోడిన్ దగ్గర ఆ హద్దు ఉందని వాళ్లు లెక్క కట్టారు. ప్లాస్మాలో అయోడిన్ దానికంటే కిందికి దిగగానే పని మళ్లీ మొదలైంది. ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు హద్దును గీసింది సూదిలో ఎక్కించిన మోతాదు మీద కాదు, రక్తంలో తేలిన గాఢత మీద. ఈ చిన్న తేడా తర్వాతి వాదానికి పనికొస్తుంది.

మరుసటి ఏడాదే, అంటే 1949లో, అదే బృందం ఇంకో వ్యాసం ప్రచురించింది. రక్తంలో అయోడైడ్‌ను ఎడతెగకుండా హద్దుకు పైనే ఉంచినా రెండు రోజులు తిరిగేసరికి నిరోధం తొలగిపోతుందని అందులో చూపించారు. పాఠ్యపుస్తకాలు వుల్ఫ్–చైకాఫ్ ప్రభావం అని పేరు పెట్టి గుర్తుంచుకున్నది మొదటి సగాన్ని. రెండో సగానికి ‘తప్పించుకోవడం’ అనే మామూలు మాట తప్ప ప్రత్యేకమైన పేరేదీ దక్కలేదు. ఇది అన్యాయమని నాకనిపిస్తుంది. ఎందుకంటే జబ్బుకూ ఆరోగ్యానికీ మధ్య గీత ఉన్నది ఆ రెండో సగంలోనే. అది ఎలా జరుగుతుందో 1963లో బ్రేవర్‌మన్, సిడ్నీ ఇంగ్‌బార్ తేల్చారు: అంటింపు యంత్రం అతికి అలవాటుపడటం కాదు, గ్రంథిలోకి అయోడైడ్ రాకే తగ్గిపోతుంది. చెరువు నిండితే తూము దించినట్టు, కణం తన ద్వారాన్ని మూసుకుంటుంది. లోపలి మట్టం హద్దు కిందికి దిగుతుంది, ఆగిన పని తిరిగి మొదలవుతుంది. బయట వరద అలాగే ఉంటుంది. ఆ ద్వారం ఏమిటో చాలాకాలం ఎవరూ పట్టుకోలేకపోయారు. 1996లో న్యూయార్క్‌లో నాన్సీ కరాస్కో బృందం ఎలుక థైరాయిడ్ కణాల నుంచి సోడియం–అయోడైడ్ సింపోర్టర్ జన్యువును వేరుచేసింది. ఆ తర్వాతే 1999 నాటి ప్రయోగానికి వీలు కలిగింది. 0.05 శాతం నీళ్లు తాగిన ఎలుకల్లో ఒకటో రోజుకే ఈ సింపోర్టర్ తాలూకు ఎంఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ రెండూ తగ్గాయి, ఆరో రోజున కూడా తక్కువగానే ఉన్నాయి. థైరాయిడ్‌ను నడిపే పిట్యూటరీ గ్రంథి హార్మోన్ టీఎస్‌హెచ్ మాత్రం రక్తంలో మారలేదు. అంటే తూము దించమని పిట్యూటరీ నుంచి ఉత్తర్వేమీ రాలేదు, గ్రంథి తనంతట తానే ఆ పని చేసుకుంది. కణాల్లో ఆ ప్రోటీన్ మామూలు కంటే త్వరగా విచ్ఛిన్నమవుతుందని అదే బృందం రెండేళ్ల తర్వాత చూపించింది.

అసలు మొదట పని ఆపించేది ఏమిటన్నది ఇంత స్పష్టంగా తేలలేదు. అయోడిన్ కొవ్వు పదార్థాలకు అంటుకుని తయారయ్యే అణువుల మీద అనుమానం ఉంది. గుర్రం థైరాయిడ్‌లో దొరికిన 2-అయోడోహెక్సాడెకనాల్ అనే పదార్థం హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారీని అడ్డుకుంటుంది. పెరాక్సైడ్ లేకపోతే అంటింపు లేదు. అయోడోలాక్టోన్ల వైపు మొగ్గే బృందాలూ ఉన్నాయి. ఒక్క అణువుకే పట్టం కట్టాల్సిన అవసరం నాకు కనిపించదు. మన వాదానికి కావలసింది ఇంతే: మొదటి నిరోధం విషప్రభావం కాదు. ఒకేసారి కుప్పగా వచ్చిపడిన అయోడైడ్ అంతా హార్మోన్‌గా మారి ఒళ్లంతా చెలరేగకుండా గ్రంథి వేసుకున్న తాత్కాలికమైన అడ్డుకట్ట అది. ఆ అడ్డుకట్ట ఎప్పటికీ తొలగకపోతే హార్మోన్ కొరత వస్తుంది. అది పడాల్సిన సమయంలో పడకపోతే హార్మోన్ మితిమీరుతుంది. ఒకే పదార్థం కొందరిలో థైరాయిడ్‌ను మందగింపజేసి, మరికొందరిలో ఉద్రేకపరచడం చూసి తికమకపడేవాళ్లకు ఇక్కడ ముడి విడిపోతుంది.

తూము దించలేనివాళ్లలో మొదటి వరుస కడుపులోని పిల్లలది. 1965లో ఆరింగ్టన్ బృందం కుందేళ్లకు, హ్యామ్‌స్టర్లకు, ఎలుకలకు, పందులకు ఈనబోయే ముందు అయోడిన్ ఎక్కువ కలిపిన మేత పెట్టింది. మోతాదు పట్టికలను నమ్మేవాళ్లు ఈ ప్రయోగాన్ని తప్పక చదవాలి. కిలో మేతలో 250 మిల్లీగ్రాముల దగ్గరే కుందేలు పిల్లలు పుట్టగానే ఎక్కువగా చనిపోయాయి. దానికి పది రెట్లు, అంటే 2,500 మిల్లీగ్రాములు పెట్టినా పందులకు ఏమీ కాలేదు. హ్యామ్‌స్టర్లు మేత కొంచెం తగ్గించాయంతే. అదే 2,500 దగ్గర ఎలుక పిల్లలు బతకలేదు. ఒకే సంఖ్య మూడు జంతువుల్లో మూడు రకాలుగా పలికింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చచ్చిన పిల్లలన్నిటినీ థైరాయిడ్ ఖాతాలో వేయకూడదు. ఎలుకల్లో తల్లికి పాలు పడకపోవడం పెద్ద కారణంగా కనిపించింది. పాల గ్రంథి కూడా అదే సింపోర్టర్‌తో అయోడైడ్‌ను లాక్కుంటుందని ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి ఈ విషయంలో తొందరపడి తీర్పు చెప్పడం మంచిది కాదు. థైరాయిడ్ పాత్ర సూటిగా కనిపించేది గుర్రాల్లో. సముద్రపు నాచు కలిపిన మేత తిన్న తల్లి గుర్రాలు ఆరోగ్యంగానే ఉన్నాయి, వాటికి పుట్టిన పిల్లలకు మాత్రం గళగండం వచ్చింది. దీన్ని 1968లో బేకర్, లిండ్సే నమోదు చేశారు. ఒకే మేత, రెండు గ్రంథులు. పెద్దది తప్పించుకుంది, చిన్నది చిక్కుకుంది. ప్రసవానికి అటూ ఇటూ ఉన్న రోజుల్లో అయోడైడ్ వల్ల పిల్లలకు హార్మోన్ కొరత ముప్పు ఉందని ఎలుకల మీద చేసిన పరిశీలనతో 1979లో థియోడోరోపౌలోస్, బ్రేవర్‌మన్, వాగెనాకిస్ హెచ్చరించారు. మనిషి శిశువులో కూడా ఈ తప్పించుకునే శక్తి గర్భం చివరి వారాల్లో గాని పూర్తిగా రాదు.

రెండో వరుస, అప్పటికే బాధపడుతున్న గ్రంథులది. చిట్టెలుకలకు అయోడిన్ లేని మేతతో పాటు థైరాయిడ్‌ను అణచే మందు ఇస్తే గ్రంథి ఉబ్బుతుంది, టీఎస్‌హెచ్ దాన్ని కొరడాతో కొట్టినట్టు తరుముతూ ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న గ్రంథికి ఉన్నట్టుండి అయోడైడ్ కుమ్మరిస్తే కణాలు చనిపోతాయని 1980ల్లో బెల్జియం పరిశోధకులు చూపించారు. మామూలు గ్రంథి అదే మోతాదును తట్టుకుంది. ఆకలితో ద్వారాలన్నీ బార్లా తెరుచుకుని కూర్చున్న కణం ఒక్కసారిగా వచ్చిన వరదను ఆపలేకపోయిందని చదువుకోవచ్చు. ఆక్సీకరణ ఒత్తిడి వల్లే ఈ గాయం అనడానికి కోళ్ల నుంచి కొంత ఊతం ఉంది: యాంటీఆక్సిడెంట్ ముందుగా ఇచ్చిన కోళ్లలో అయోడైడ్ దెబ్బ తగ్గింది. మనుషుల్లో ఇదే కథకు మరో ముఖం టాస్మేనియాలో కనిపించింది. అయోడిన్ కొరత ఉన్న ఆ దీవిలో 1966లో రొట్టెలో పొటాషియం అయోడేట్ కలపడం మొదలుపెట్టాక హైపర్‌థైరాయిడ్ కేసులు పెరిగాయి. కలిపింది అతి మోతాదేమీ కాదు. ఏళ్ల తరబడి కొరతతో, టీఎస్‌హెచ్ మాట వినడం మానేసి స్వతంత్రించిన గడ్డలు చాలామంది మెడల్లో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

మూడో వరుస పుట్టుకతో వచ్చింది. దీని మీద సాహిత్యం అంతా ఇంతా కాదు. తన థైరాయిడ్ మీద తానే దాడి చేసుకునే మొగ్గు ఉన్న కోళ్ల జాతుల్లో అయోడిన్ పెంచితే జబ్బు పెరుగుతుందని 1985లో బాగ్చీ, సండిక్ తదితరులు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడాది బీబీ జాతి ఎలుకల్లో అదే కనిపించింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది ఎన్‌ఓడీ.హెచ్‌-2హెచ్4 అనే చిట్టెలుక. దానికి కూడా అదే 0.05 శాతం సోడియం అయోడైడ్ నీళ్లు పోస్తే ఎనిమిది వారాల్లో చాలావాటి గ్రంథిలో లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు గుంపులు కడతాయి. మంచినీళ్లు తాగిన తోబుట్టువుల్లో ఆ జబ్బు ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. మామూలు జాతి చిట్టెలుక అవే నీళ్లు తాగి నిక్షేపంగా ఉంటుంది. కారణాల్లో రెండు బలమైనవి: అయోడిన్ ఎక్కువ అంటుకున్న థైరోగ్లోబ్యులిన్ రోగనిరోధక కణాల కంట్లో తేలిగ్గా పడుతుంది, ఆక్సీకరణ ఒత్తిడికి గురైన థైరాయిడ్ కణం లింఫోసైట్లను అంటిపెట్టుకునే అణువులను పైకి తెస్తుంది. అయితే ఈ సాహిత్యంలో ఒక లోపం తరచూ కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద లింఫోసైట్లు కనిపించగానే గ్రంథి పని చెడిందన్నట్టు రాసేస్తారు. వీటిలో చాలా చిట్టెలుకలకు టీ4 మామూలుగానే ఉంటుంది. కణజాలంలో మచ్చ వేరు, పనిలో లోటు వేరు. అయోడైడ్ అతి వల్ల థైరాయిడ్ ‘పని’ ఏమైందని అడిగినప్పుడు మచ్చల లెక్క చూపించడం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బరువైనది మోతాదు గురించే. నాలుగు వేల రెట్లు తాగించి, చూశారా ఎలుకకు ఏమయిందో అనడం ఏం శాస్త్రం? నీళ్లైనా నాలుగు వేల రెట్లు తాగితే మనిషి బతకడు కదా. మాటలో న్యాయం ఉంది. మన వంటింటి ఉప్పుతో పోల్చి చూద్దాం. వినియోగదారుడి చేతికి వచ్చేసరికి ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది మన దేశంలో నియమం. రోజుకు పది గ్రాముల ఉప్పు తింటే 150 మైక్రోగ్రాములు, సరిగ్గా పెద్దవాళ్ల అవసరమంత. ఎలుకతో సమానంగా నాలుగు వేల రెట్లు తీసుకోవాలంటే 600 మిల్లీగ్రాములు కావాలి, అందుకు రోజుకు 40 కిలోల ఉప్పు తినాలి. ఎలుక ప్రయోగం చూపించి అయోడైజ్డ్ ఉప్పు విషమని ప్రచారం చేసేవాళ్లు ఈ గుణకారం ఒక్కసారి చేసి చూసుకుంటే బాగుంటుంది. అయితే ఈ లెక్కతో ప్రయోగాలే వ్యర్థమని తేల్చేయడం కూడా తొందరపాటే. ముందు చెప్పినట్టు, వుల్ఫ్, చైకాఫ్ పట్టుకున్న హద్దు ప్లాస్మా గాఢతది. మనిషి ప్లాస్మా ఆ గాఢతను చేరుకోవడం అరుదేమీ కాదు. అణు ప్రమాదాల్లో ఇచ్చే 130 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్ మాత్రలో 100 మిల్లీగ్రాముల అయోడైడ్ ఉంటుంది. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాముల దాకా అయోడిన్ ఉంటుంది, నెలల తరబడి వాడే మందు అది. సీటీ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందులో అయోడిన్‌ను గ్రాముల్లో లెక్కపెట్టాలి. ఎలుక సీసాకు మన జీవితంలో పోలిక వెతకాల్సింది వంటింట్లో కాదు, ఆసుపత్రిలో.

ఎలుక మనిషి కాదన్నది రెండో అభ్యంతరం. నిజమే. ఎలుక రక్తంలో టీ4 అర్ధాయుష్షు ఒక రోజు లోపే, మనిషిలో వారం దగ్గర. హార్మోన్‌ను గట్టిగా పట్టి ఉంచే గ్లోబ్యులిన్ పెద్ద ఎలుకలో దాదాపుగా ఉండదు. అందువల్ల ఎలుక గ్రంథి ఎప్పుడూ పరుగు మీదే ఉంటుంది. రెండు రోజుల నిరోధం దాని టీ4ను తగ్గిస్తుంది గానీ, వారాలకు సరిపడా నిల్వ ఉన్న ఆరోగ్యవంతుడైన మనిషిలో అంత కదలిక రాదు. క్యాన్సర్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. టీఎస్‌హెచ్ పెరిగితే ఎలుక థైరాయిడ్‌లో కంతులు పుట్టినంత తేలిగ్గా మనిషిలో పుట్టవు కాబట్టి, ఎలుకల్లో కనిపించిన కంతులను యథాతథంగా మనకు అంటగట్టకూడదు. అయితే నేను ఎలుక నుంచి సంఖ్యలను అరువు తెచ్చుకోవడం లేదు. ఎవరు తప్పించుకుంటారు, ఎవరు చిక్కుకుంటారన్న క్రమాన్ని మాత్రమే తెస్తున్నాను. ఆ క్రమం ఎలుకల్లో, కోళ్లలో, గుర్రాల్లో ఒకేలా ఉండటమే దాని బలం.

మూడో ఆక్షేపణ ప్రయోగశాల లోపలి నుంచే వస్తుంది, అందరికంటే తక్కువగా వినపడేదీ అదే. పోలిక కోసం పెట్టుకున్న మామూలు ఎలుకలు నిజంగా మామూలువేనా? ఎలుకకు కిలో మేతలో 0.15 మిల్లీగ్రాముల అయోడిన్ చాలు. శుద్ధి చేసిన ఏఐఎన్-93 మేతలో 0.2 ఉంటుంది. మార్కెట్లో దొరికే ధాన్యపు మేతల్లో, అందులో కలిపిన చేపపొడిని బట్టి, ఖనిజ మిశ్రమాన్ని బట్టి, అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. పోలిక గుంపే సగం అతిలో ఉంటే తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మేతలో అయోడిన్ ఎంతో కొలిచి రాయని వ్యాసాన్ని నేనైతే సగం విలువకే తీసుకుంటాను. ‘ఏ హానీ కనిపించలేదు’ అని చెప్పే వ్యాసాల విషయంలో ఇంకా తక్కువకు.

ఈ క్రమం మనుషుల్లోనూ నిలబడుతుందా అన్నదానికి చైనా నుంచి వచ్చిన జవాబు గట్టిది. పాన్‌షాన్, జాంగ్‌వూ, హువాంగ్‌హువా అనే మూడు చోట్ల ప్రజలను 1999 నుంచి ఐదేళ్ల పాటు గమనించి 2006లో టెంగ్ బృందం ప్రచురించింది. లీటరు మూత్రంలో అయోడిన్ మధ్యస్థ విలువ వరుసగా 84, 243, 651 మైక్రోగ్రాములు. లక్షణాలు పైకి కనిపించని తేలికపాటి హైపోథైరాయిడిజం ఐదేళ్లలో కొత్తగా వచ్చినవాళ్లు 0.2, 2.6, 2.9 శాతం. ఈ అంకెలను చాలామంది ఉటంకిస్తారు గానీ, వాటిలోని విచిత్రాన్ని పట్టించుకోరు. 84 నుంచి 243కు వెళ్లినప్పుడు పెద్ద గెంతు ఉంది. 243 నుంచి 651కి, అంటే రెండున్నర రెట్లకు పైగా పెరిగినా, అంకె దాదాపు కదల్లేదు. మోతాదే నడిపిస్తుంటే మెట్టు మీద మెట్టు కనిపించాలి కదా. కొత్త అయోడిన్‌కు తట్టుకోలేనివాళ్లు కొద్దిమంది ఉన్నారనీ, వాళ్లు మొదటి మెట్టు మీదే బయటపడిపోయారనీ అనుకుంటే గానీ ఈ ఆకారం పొసగదు. అదే అధ్యయనంలో, మొదట్లోనే థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో అయోడిన్ ఎక్కువగా ఉన్న చోట్ల టీఎస్‌హెచ్ పెరిగినవాళ్లు ఎక్కువగా కనిపించారు. ఎన్‌ఓడీ చిట్టెలుక అద్దంలో చూపించింది వాళ్లనే. మన దగ్గర కాంగ్రా లోయలో 1956 నుంచి రామలింగస్వామి బృందం అయోడైజ్డ్ ఉప్పుతో గళగండాన్ని తగ్గించి చూపించింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. కొరత వల్ల మందబుద్ధితో పుట్టే బిడ్డలను తలుచుకుంటే ఆ ఉప్పును శంకించే హక్కు ఈ సాక్ష్యం ఎవరికీ ఇవ్వదు. ఇవ్వగలిగింది చిన్న జాగ్రత్త మాత్రమే: గర్భిణికి, యాంటీబాడీలు ఉన్నవాళ్లకు, పాత గడ్డలు ఉన్నవాళ్లకు సముద్రపు నాచు గుళికలో, గాఢమైన అయోడిన్ చుక్కలో ఇచ్చేముందు ఆలోచించాలి.

ఒకసారి, ఎవరూ కోరుకోని రీతిలో, ఈ క్రమం ఒక దేశం మొత్తం మీద పరీక్షకు వచ్చింది. 1986 ఏప్రిల్ చివర చెర్నోబిల్ పేలాక పోలండ్ ప్రభుత్వం కోటి ఐదు లక్షల మంది పిల్లలకు, డెబ్బై లక్షల మంది పెద్దలకు అయోడైడ్ పంచింది. దాని ఫలితాలను సమీక్షించి 1993లో రాసిన ఇద్దరిలో ఒకరు పోలండ్‌కు చెందిన నౌమన్. రెండోవాడు 1948లో ఎలుకల పొట్టలోకి సూది వేసిన యాన్ వుల్ఫే. అంతమంది మింగినా పెద్దల్లో, పెద్ద పిల్లల్లో థైరాయిడ్ పనికి చెప్పుకోదగ్గ దెబ్బ కనిపించలేదు. పుట్టిన రెండో రోజున మందు పట్టించిన 3,214 మంది పసికందుల్లో 12 మందికి టీఎస్‌హెచ్ పెరిగింది, టీ4 తగ్గింది. కొన్నాళ్లకు వాళ్ల తూములు కూడా దిగాయి.